నూట ఎనభై ఏడో కిటికీ

మంగళవారం పొద్దున పదింటికి షట్టర్ సగం లేచిందో లేదో, ఒక ముసలావిడ దాని కింద నుంచి వంగి లోపలికి వచ్చి కౌంటర్ మీద మూడు బొమ్మలు పరిచింది.

"ఇవి ఏ సినిమాలోవో చెప్పాలి. శుక్రవారం పొద్దున పదింటిలోపు."

సెరా చేతిలో ఇంకా షట్టర్ కొక్కెం ఉంది. కామి-ఇగుసా స్టేషన్ పక్కన ఆ వీడియో కొట్టును పద్నాలుగేళ్లుగా నడుపుతున్నాడు. బొమ్మలు గీసి తీసే యానిమే సినిమాల క్యాసెట్లే నాలుగు వేలు ఉన్నాయి అతని దగ్గర. చుట్టుపక్కల స్టూడియోల వాళ్లకు ఏదైనా పాత దృశ్యం గుర్తు రాకపోతే నేరుగా అతని దగ్గరికే వస్తారు. గడువు పెట్టి అడిగినవాళ్లు మాత్రం ఇంతవరకు లేరు.

"పేరు చెప్తారా మామ్మగారూ, గడువు ఒక్కటే చెప్తారా?"

"ఉరాబె హత్సుయే. మా ఆయన తోకుజి యానిమేల్లో మనుషుల వెనక కనబడే ఇళ్లూ వీధులూ, ఆ బ్యాక్‌గ్రౌండ్లు వేసేవారు. మార్చిలో పోయారు. ఇలాంటివి మూడు పెట్టెలు మంచం కింద పెట్టి పోయారు."

ఆవిడ ఉండే పాత క్వార్టర్స్ కూలగొడుతున్నారు. శనివారం ఒంటిగది ఇంటికి మారాలి. అక్కడ మంచమే పట్టదు, ఇక పెట్టెలెక్కడ? వార్డులో యానిమే బొమ్మలు దాచే భాండాగారం ఒకటి ఉంది. వాళ్ల వ్యాన్ శుక్రవారం పదింటికి వస్తుంది. కానీ ఏ సినిమాకు వేసినవో తెలియని బొమ్మలు వాళ్లు ముట్టుకోరు. వాళ్లు వదిలేస్తే శనివారం సామాను మోసేవాళ్లు వస్తారు. వాళ్లు వదిలేసినవి చెత్తబండికి పోతాయి.

"నలభై ఏళ్లు వేశారు," అంది హత్సుయే. "ఇంటికి తెచ్చుకున్నవి ఈ మూడు పెట్టెలే. చెత్తబండికి ఇవ్వను."

సెరా బొమ్మలు చేతిలోకి తీసుకున్నాడు. పోస్టర్ రంగులు. కాలువ పక్కన ఇరుకు సందు, అద్దకం వాళ్ల ఇళ్లు, వాసాల నుంచి వేలాడుతున్న తడి గుడ్డలు. మూడో బొమ్మలో ఒక కిటికీ. దాని చట్రం మీద పడిన ఎండను చూస్తే కాగితం వెచ్చగా ఉంటుందేమో అనిపించింది. వెనక్కి తిప్పాడు. పెన్సిల్‌తో రాసి ఉంది: "అద్దకం, 187."

"పేరు ఇక్కడే ఉందిగా," నవ్వాడు సెరా. "మధ్యాహ్నానికల్లా చెప్పేస్తాను."

మధ్యాహ్నానికి చెప్పలేకపోయాడు. సాయంత్రానికీ చెప్పలేకపోయాడు. ఏ జాబితాలోనూ, ఏ పాత పత్రికలోనూ అద్దకం అన్న సినిమా లేదు. తోకుజి పేరుతో వెతుకుదామంటే అదీ కుదరలేదు. ఆ రోజుల్లో సినిమా చివర వచ్చే పేర్ల పట్టికలో బ్యాక్‌గ్రౌండ్ కంపెనీ పేరే వేసేవారు, మనుషుల పేర్లు కాదు. ఆయన పనిచేసిన స్టూడియో మినామో మూతపడి ఆరేళ్లయింది. దాని పేరున్న సినిమాలు అరవైకి పైనే ఉన్నాయి.

"అరవై చూడాలంటే మూడు రోజులు చాలవు," అన్నాడు సెరా, సాయంత్రం మళ్లీ వచ్చిన హత్సుయేతో.

"అన్నీ ఎందుకు? పిల్లలవి తీసెయ్. దెబ్బలాటలు తీసెయ్. ఇలాంటి కిటికీ ఏ సినిమాలో పెడతారు? నువ్వే చెప్పు."

సెరా ఆవిడ వైపు చూసి, నిచ్చెన లాక్కున్నాడు. పెద్దవయసు వాళ్లు కూర్చుని చూడదగ్గవి, కథలో ఆలోచన ఉన్నవి, చూపు తిప్పుకోనివ్వనివి పదకొండు దించాడు. ఒక్కొక్కటి దించుతున్నప్పుడే అతనికి ఇంకో సంగతి తట్టింది. ఈ పదకొండింటినీ ఈ మధ్య ఎవరూ అడిగి తీసుకోలేదు.

బుధవారం పొద్దున హత్సుయే బియ్యప్పిండి బిస్కట్ల డబ్బా తెచ్చుకుని కౌంటర్ పక్క స్టూల్ మీద కూర్చుంది. కొట్టులో ఉన్న చిన్న టీవీలో, క్యాసెట్ దూర్చే చోటు దానిలోనే ఉన్న రకం టీవీలో, మొదటిది పెట్టాడు సెరా.

"వీళ్లంతా ఎందుకు ఇలా అరుస్తున్నారు?"

"యుద్ధం మామ్మగారూ."

"మా ఆయన యుద్ధం అయ్యాక పుట్టినవాళ్లకి ఇంత గొంతు ఉండదనేవారు. తర్వాతది పెట్టు."

రెండోదాంట్లో కళ్లు మరీ పెద్దవి అంది. మూడోదాంట్లో లైట్‌హౌస్ కాపలా మనిషి ఒకడు, తనకు ఎవరూ ఉత్తరం రాయరని తెలిసి తానే ఉత్తరాలు రాసుకుంటాడు. ఈసారి ఆవిడ చేతిలో బిస్కట్ అలాగే ఉండిపోయింది. సెరా వేగంగా తిప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆపకు. వాడికి నిజంగా ఉత్తరం వస్తుందా రాదా?"

"మన కిటికీ ఇందులో లేదు మామ్మగారూ. టైం పోతుంది."

"పోనీ. వచ్చిందో లేదో చూడనీ."

చూశాక పెదవులు తుడుచుకుని అంది: "ఇలాంటివి కూడా ఉన్నాయన్నమాట. నలభై ఏళ్లు నేను ఆయన చేసేది పిల్లల వ్యవహారం అనుకున్నాను. ఆయన చూడమని అడగలేదు. నేనూ చూపించమనలేదు."

మధ్యాహ్నం మూడింటికి ఏడో సినిమా నడుస్తుండగా ఇకెగయా వచ్చాడు. డెబ్బై రెండేళ్ల మనిషి. జీవితమంతా యానిమే బొమ్మలను కెమెరా కింద పెట్టి ఒక్కో ఫ్రేమూ తీసినవాడు. ఇప్పుడు రోజుకొక కత్తుల సినిమా తీసుకెళ్తాడు.

"ఏమోయ్ సెరా, కొట్టా, వృద్ధాశ్రమమా?"

"మీరూ కూర్చోండి, ఆశ్రమం పూర్తవుతుంది," అన్నాడు సెరా, కౌంటర్ మీది బొమ్మను అతని వైపు జరిపి.

ఇకెగయా కళ్లజోడు నుదుటి మీదికి తోసి, బొమ్మను ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"తోకుజిది. కిటికీల మీద ఇలా ఎండ వేసేవాడు ఇంకొకడు లేడు." హత్సుయే వైపు తిరిగాడు. "మీరు వదినగారా?"

"అవును. ఈ అద్దకం ఏమిటో మీకు తెలుసా?"

"తెలియకేం. నేనే షూట్ చేశాను. ఎనభై ఎనిమిదిలో, వేసవంతా. అద్దకం అన్నది మేం పని నడిచినన్నాళ్లూ పిలుచుకున్న పేరు వదినగారూ. అసలు పేరు అమ్మేవాళ్లు చివర్లో పెట్టేవారు. మా చేతుల్లోంచి పోయాక దానికి ఏ పేరు తగిలించారో చూసే తీరిక మాకెక్కడిది? అప్పటికి ఇంకో సినిమా నెత్తిమీద ఉండేది."

సెరా తల పట్టుకున్నాడు. లేని పేరు కోసం రెండు రోజులు వెతికాడు. ఈ పనిలో ఉన్నవాడికి తట్టాల్సిన మొదటి సంగతి అది.

"కథ ఏమిటి? కథ చెప్పండి!"

"అద్దకం పనిచేసే ఆడమనిషి. యాభై ఏళ్లుంటాయి. కళ్లు పాడవుతాయి, నీలం కనబడటం మానేస్తుంది. ఆవిడ చేసేదే నీలం అద్దకం."

సెరా అప్పటికే కౌంటర్ కింద దూరాడు. దుమ్ము పట్టిన పాత జాబితా పుస్తకం ఒకటి తీశాడు. అతనికి ముందున్న యజమాని చేతిరాత. వేలితో వెతుక్కుంటూ వెళ్లి ఒకచోట ఆగాడు.

"'ఏడో నీలం.' ఎనభై తొమ్మిదిలో కొన్నారు. డీవీడీ రాలేదు. క్యాసెట్ కూడా రెండోసారి వేయలేదు. నేను కొట్టు తీసుకున్నప్పుడు షెల్ఫులో లేదు. పోయిందని గీత కొట్టేశాను."

"ఎవరైనా పట్టుకుపోయారా?" అంది హత్సుయే.

"దీన్నెవరు పట్టుకుపోతారు?" అంటూనే సెరా ఆ వరుసలో చివరి గడి చూశాడు. క్యాసెట్ విడుదల చేసిన కంపెనీ పేరు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

ఇకెగయా తొంగి చూసి పెద్దగా నవ్వాడు. "ఆ కంపెనీయా! బట్టలిప్పే క్యాసెట్లు అమ్మి సంపాదించి, ఒక్కసారి పుణ్యానికి ఈ సినిమాకి పెట్టుబడి పెట్టినట్టున్నారు."

"పాత యజమాని కథలు చూసి సర్దేవాడు కాదు," అన్నాడు సెరా నెమ్మదిగా. "కంపెనీ పేరును బట్టి సర్దేవాడు. ఆ కంపెనీవన్నీ ఒకే చోటికి..."

ముగ్గురూ కొట్టు చివరి వైపు చూశారు. అక్కడ నల్ల తెర వేలాడుతోంది. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు రాకూడదని దాని మీద ఎర్రగా రాసి ఉంది.

"నేను వెళ్లి వెతుకుతాను. మీరు ఇక్కడే ఉండండి మామ్మగారూ," అన్నాడు సెరా.

"ఎన్ని క్యాసెట్లున్నాయి లోపల?"

"పదిహేను వందల దాకా..."

"క్యాసెట్ల అంచుల మీది పేర్లు చదవడానికి నీకు రెండు కళ్లే ఉన్నాయి. నాకు అరవై ఎనిమిదేళ్లు. పద్దెనిమిది ఎప్పుడో నిండాయి."

తెర పక్కకు లాగి లోపలికి నడిచింది. లోపల ముగ్గురు మగాళ్లు ఉన్నారు. ఆవిణ్ని చూసి ఒకడు చేతిలో క్యాసెట్‌ను కోటులో దాచుకున్నాడు. ఒకడు గోడవైపు తిరిగి, అక్కడ చదవడానికి ఏమీ లేకపోయినా చదవసాగాడు. మూడోవాడికి తప్పించుకునే దారి లేదు, ఆవిడ దారిలోనే నిలబడి ఉంది.

"బాబూ, కాస్త జరుగు. కింది అర చూడాలి."

"సా... సారీ అండీ."

"జరిగావుగా, పై అర చూడు. పొడుగ్గా ఉన్నావు. 'ఏడో నీలం' అని ఉంటుంది. కనబడితే చెప్పు."

అతను చెమటలు కక్కుతూ పై అర వెతికాడు. గోడ చదువుతున్నవాడికి ఎడమ పక్క అప్పగించింది. బయట సెరా, ఇకెగయా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పదిహేను నిమిషాల్లో లోపలి నుంచి ఒక మగ గొంతు, ఆ మూలలో ఎవరూ ఎన్నడూ ఎత్తనంత గట్టిగా వినిపించింది: "దొరికిందండీ!"

అట్ట మీద చేతులు మోచేతుల దాకా నీలంలో ముంచిన ఒక నడివయసు ఆడమనిషి ఉంది. ఎండకు వెలిసిపోలేదు. పదిహేనేళ్లుగా దాన్ని ఎవరూ తీసి చూడలేదు.

గురువారం పొద్దున కొట్టు తలుపుకు 'మధ్యాహ్నం తెరుస్తాం' అని కాగితం అంటించి ముగ్గురూ టీవీ ముందు కూర్చున్నారు. హత్సుయే మూడు పెట్టెలూ చేతిబండి మీద తెచ్చింది.

సినిమాలో ఎవరూ అరవలేదు. అద్దకం పనావిడ ఒకరోజు కాలువలో గుడ్డ ఉతుకుతుంటే నీలం బూడిద రంగుగా కనబడుతుంది. ఎవరికీ చెప్పదు. పాత గుడ్డలను వేళ్లతో తడిమి, వాసన చూసి, నీళ్ల వేడిని బట్టి రంగు పట్టుకోవడం నేర్చుకుంటుంది. చూస్తున్నవాళ్లకు కూడా తెరమీద నీలం కొద్దికొద్దిగా తగ్గిపోతుంటుంది. ఎప్పుడు పూర్తిగా పోయిందో చెప్పలేరు. అరగంట గడిచేసరికి సెరా బొమ్మల సంగతే మరిచిపోయాడు.

హత్సుయే మరవలేదు. చివరి పేర్ల పట్టిక నడుస్తుండగా అంది: "ఒక్కటీ లేదు."

నిజమే. అదే సందు, అవే వాసాలు. కానీ పెట్టెల్లోని బొమ్మ ఒక్కటైనా ఉన్నదున్నట్టు తెరమీదికి రాలేదు. పెట్టెలోని కిటికీలో ఎర్ర కెటిల్ ఉంది, పూలకుండీ ఉంది, ఆరేసిన తువ్వాలు ఉంది. తెరమీది కిటికీలో అవేవీ లేవు.

"ఇది కాదేమో మామ్మగారూ," అన్నాడు సెరా.

ఇకెగయా తల అడ్డంగా ఊపాడు. "ఇదే. షూట్ చేసినవాడికి తెలియదా? తెరమీదికి వెళ్లిన బొమ్మలు ఎవరూ ఇంటికి తెచ్చుకునేవాళ్లు కాదు వదినగారూ. అవి కంపెనీవి. పని పూర్తయ్యాక లారీలో పోసి కాల్చేసేవారు. ఇంటికి తెచ్చుకోగలిగినవి తిరిగొచ్చినవే. దర్శకుడు వద్దన్నవి."

హత్సుయే మొహం బిగుసుకుంది. "మూడు పెట్టెలూ వద్దన్నవేనా?"

ఆవిడ పెట్టెల మూతల వైపు చూసింది. తర్వాత ఒక బొమ్మ తీసి వెనక్కి తిప్పింది.

"ఈ నూట ఎనభై ఏడు ఏమిటి?"

"షాట్ నంబరు," అన్నాడు ఇకెగయా. "సినిమా మొదట్నుంచి వరస."

"తెరమీద కనబడుతుందా?"

"కనబడదు."

"ఐతే లెక్కపెడదాం. సెరా బాబూ, మొదటికి తిప్పు."

ఒక షాట్ మారిందంటే ఒక గీత. సెరా ముప్ఫై ఎనిమిది దాకా వచ్చి కథలో పడి తప్పాడు. ఇకెగయా తొంభై దగ్గర తుమ్మాడు. హత్సుయే మాత్రం కళ్లు ఆర్పకుండా, అట్టముక్క మీద ఐదేసి గీతలు ఒక కట్టగా గీస్తూ పోయింది. చంటిబిడ్డ ఏడ్చే చోట ఆగలేదు. మొగుడు గుమ్మం దిగి వెళ్లిపోయే చోట ఆగలేదు. ముప్ఫై ఏడు కట్టలు నిండాయి. ఇంకో గీత. ఇంకో గీత.

"ఆపు."

తెరమీద కిటికీ ఉంది.

హత్సుయే నంబరు 187 ఉన్న బొమ్మలన్నీ తీయించింది. ఐదు దొరికాయి. ఐదూ అదే కిటికీ, అదే కోణం. ఇంకా సరిచూడాలంది. నలభై రెండు లెక్కపెట్టారు. కాలువ గట్టు, సరిపోయింది. నూట పన్నెండు, ఉడుకుతున్న రంగు తొట్టి, అదీ సరిపోయింది. రెండొందల అరవై దగ్గర మాత్రం రెండు అంకెలు తేడా వచ్చింది. కూర్పులో రెండు షాట్లు కత్తిరించారని ఇకెగయా చెప్పాడు. అక్కడి నుంచి ఆ రెండూ కలుపుకుంటే చివరిదాకా అన్నీ సరిపోయాయి. అప్పటికి మధ్యాహ్నం రెండయింది. బయట తలుపు కొడుతున్న వాళ్లకు సెరా చెయ్యి ఊపి పొమ్మన్నాడు.

ఐదు కిటికీలనూ ఆవిడ కౌంటర్ మీద వరసగా పెట్టింది. ఒక్కోదాని మూల దర్శకుడి ఎర్ర పెన్సిల్‌తో ఒకే మాట ఉంది: 'ఎక్కువ.' మొదటిదాంట్లో కెటిల్, కుండీ, తువ్వాలు, పగిలిన గాజు మీద అతికించిన కాగితం. రెండోదాంట్లో తువ్వాలు లేదు. మూడోదాంట్లో కుండీ లేదు. నాలుగోదాంట్లో కెటిల్ చిన్నదయింది, ఐదోదాంట్లో అదీ పోయి అతికించిన కాగితం ఒక్కటే మిగిలింది. అయినా 'ఎక్కువ' అనే ఉంది.

"నాకు మొదటిదే బాగుంది," అంది హత్సుయే.

"నాకూ అంతే," అన్నాడు ఇకెగయా. "కెటిల్ ఎంత బాగా వేశాడు, చూడండి."

ఆవిడ తల తిప్పి ఆగిపోయిన తెర చూసింది. అక్కడ చట్రం, ఎండ, ఆ రెండే ఉన్నాయి. కిటికీ దగ్గర నిలబడిన ఆడమనిషి ఎండలోకి అరచెయ్యి చాపి ఉంది. రంగు కనబడని మనిషి వెచ్చదనంతో ఎండను పట్టుకుంటోంది.

"కెటిల్ ఉంటే," అంది హత్సుయే, "నేను కెటిల్‌నే చూసేదాన్ని. ఆ చెయ్యి చూసేదాన్ని కాదు."

శుక్రవారం పదికి ఐదు నిమిషాలుందనగా భాండాగారం వ్యాన్ వచ్చింది. హత్సుయే ఇల్లు నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. పెట్టెలు ముందురోజే తిరిగి ఇంటికి చేరాయి, ఇప్పుడు సెరా ఆ టీవీని కూడా వీపుకు కట్టుకుని పైకి మోసుకొచ్చాడు. ఇకెగయా వెనక నుంచి, "పడేస్తే లోపలున్న 'ఏడో నీలం' కూడా నీతోనే పోతుంది," అంటూ ఉత్సాహపరిచాడు.

అధికారి మొగామి నలభై ఏళ్ల మనిషి, తెల్ల చేతితొడుగులు వేసుకుని వచ్చింది. సినిమా పేరు విని సంతోషించింది. గీతలు గీసిన అట్టముక్క చూసి ఇంకా సంతోషించింది. బొమ్మలు చూశాక కలం మూసేసింది.

"ఇవి సినిమాలో వాడినవి కావు కదండీ?"

"కావు."

"క్షమించాలి ఉరాబె గారూ. వాడిన అసలు బొమ్మలే తీసుకోవాలని మా నిబంధన. తిరిగొచ్చినవన్నీ తీసుకుంటే మాకు చోటు చాలదు."

"వాడినవి మీ దగ్గర ఎన్ని ఉన్నాయి, ఈ సినిమావి?"

మొగామి జాబితా తిరగేసింది. "ఏమీ లేవండీ."

"ఉండవు. కాల్చేశారు. ఈయన్ని అడగండి, చూశాడు."

"లారీ ఎక్కించింది నేనే," అన్నాడు ఇకెగయా.

"ఒక్క నిమిషం కూర్చోండమ్మా," అంది హత్సుయే. మొగామి కూర్చునేదాకా కదల్లేదు. సెరా తెరమీద నూట ఎనభై ఏడో షాట్ ఆపాడు. హత్సుయే ఐదు బొమ్మలూ పేకముక్కల్లా కలిపి చాప మీద పెట్టింది.

"మీరు పని తెలిసినవాళ్లు. వీటిని వేసిన వరసలో పెట్టండి."

మొగామి చేతితొడుగులు సవరించుకుంది. దాదాపు ఖాళీగా ఉన్నది మొదట పెట్టింది. తర్వాత కెటిల్ ఉన్నది, తర్వాత కుండీ, చివరికి అన్నీ నిండినది. ఎవరైనా అలాగే పెడతారు. ఖాళీ నుంచి మొదలుపెట్టి నింపుకుంటూ వెళ్తారనుకుంటారు.

"తిరగేశారు," అంది హత్సుయే.

ఒక్కొక్కటీ తీసి వరస మార్చింది. నిండుగా ఉన్నది ముందుకు వచ్చింది, ఖాళీది చివరికి, టీవీ పక్కకు వెళ్లింది. మొగామి మొదటి బొమ్మ నుంచి చివరి బొమ్మ దాకా చూసింది, అక్కడి నుంచి తెరమీది చెయ్యి దాకా చూసింది. మళ్లీ మొదటికి వచ్చింది. కింద వ్యాన్ డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె వినిపించుకోలేదు.

"ఇలా ఐదేసి బొమ్మలున్న షాట్లు ఇంకా ఉన్నాయా?" అంది చివరికి.

"ముప్ఫై ఒకటి. నిన్న రాత్రికల్లా సర్ది దారాలు కట్టాను."

మొగామి కలం తెరిచింది. "తీసుకుంటానన్న మాట నేనొక్కదాన్నే ఇవ్వలేనండీ. నిబంధనకు మినహాయింపు కావాలి. కమిటీ డిసెంబరులో కూర్చుంటుంది. అప్పటిదాకా పరిశీలన కోసం అని రాసి పెట్టెలు మా దగ్గర ఉంచుతాను. వాళ్లు వద్దంటే మాత్రం..."

"డిసెంబరులో ఏ రోజు?"

"ఇంకా ఖరారు కాలేదు."

"అయ్యాక చెప్పండి. కొత్త ఇంటి నంబరు రాసిస్తాను. ఆ రోజు నేను వస్తాను."

"బయటివాళ్లు కమిటీ ముందుకు..."

"మీరే వరస తప్పు పెట్టారు," అంది హత్సుయే, కసురుకోకుండా, పెట్టె మూత బిగిస్తూ. "కమిటీ వాళ్లూ పెడతారు. సరిచేయడానికి ఎవరో ఒకరు ఉండాలిగా?"

మొగామి నవ్వాపుకోలేక తల వంచి, ఫారం మీద ఆవిడ పేరు రాసుకుంది.

మొదటి పెట్టె సెరా ఎత్తుకున్నాడు. రెండోది డ్రైవరు. మూడోది ఎవరికీ ఇవ్వకుండా హత్సుయే తనే పట్టుకుని, నాలుగంతస్తులూ గోడవారగా ఒక్కో మెట్టే దిగింది.